సదరు చక్రం స్వచ్ఛందంగా ఊడి వచ్చిన వైనం

మిట్టకోట పురపాలక సంఘంలో వస్తువులను కొట్టరాదని ఉత్తర్వు వచ్చింది. మనుషులను కొట్టరాదని ముందునుంచే ఉంది కాబట్టి, ఇది దాని తర్వాతి మెట్టు అని కమిషనరుగారు సెలవిచ్చారు.

దీనికంతటికీ కారణం ఒక ప్రింటరు. అది కాగితం మింగి కూర్చుందని పన్నుల విభాగంలో గుమాస్తా ఒకాయనకు విసుగొచ్చి, దాని నెత్తిన ఒక్కటి చరిచాడు. కాగితం బయటికొచ్చింది. సరిగ్గా అప్పుడే కమిషనరు పరాంకుశరావుగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. రాజధానిలో ‘సౌమ్య కార్యాలయం’ అనే శిక్షణ ముగించుకుని, మెడలో శాలువాతో, చేతిలో పూలకుండీతో అప్పుడే దిగారు. ఆయన చెడ్డమనిషి కాదు. వరండాలో చీమల బారు కనిపిస్తే అది దాటిపోయేదాకా ఆగి, ఆ తర్వాతే తన గదిలోకి వెళ్ళే మనిషి. ప్రింటరుకు తగిలిన దెబ్బ ఆయనకే తగిలినట్టయింది.

మర్నాడు ఉత్తర్వు వెలువడింది. ‘కార్యాలయ ఆవరణలోని జీవులపై గానీ, నిర్జీవ వస్తువులపై గానీ ఏ విధమైన బలప్రయోగమూ చేయరాదు. ప్రతి వస్తువునూ ఒప్పించి మాత్రమే దానిచేత పని చేయించుకొనవలెను.’

దాంతో ఆఫీసు తీరే మారిపోయింది. బీరువా తలుపు బిగుసుకుంటే దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలైంది. గంటను కొట్టకూడదు గనక, బంట్రోతు తనంతట తాను ఇటు చూసేదాకా కమిషనరుగారు చిరునవ్వుతో ఎదురు చూసేవారు. కాగితాలకు పిన్ను కొట్టడం మానేసి దారంతో కుట్టారు. సూది గుచ్చడం కూడా బలప్రయోగమేనని ఎవరో గుర్తుచేశాక, కాగితాలను ఒకదానిమీద ఒకటి పెట్టి, నమ్మకంతో వదిలేశారు.

అన్నిటికన్నా ఇబ్బంది రబ్బరు ముద్రలతో వచ్చింది. ముద్రను కాగితం మీద ‘గుద్దరాదు, ఉంచవలెను’ అన్నారు. ఒక ముసలాయన తన భార్య మరణ ధ్రువపత్రం పట్టుకుని కిటికీ దగ్గరికి తిరిగొచ్చాడు.

“దీనిమింద ముద్ర పళ్ళేదప్పా.”

“పడింది తాతా. సౌమ్యంగా పడింది.”

“బ్యాంకోళ్ళకు కనపడాల గదా?”

“వాళ్ళు గూడా సౌమ్యంగా సూడాల” అన్నాడు లోపలి గుమాస్తా. అతను వెటకారమాడలేదు. నిజంగానే అన్నాడు.

నేను పనిచేసేది ఆఫీసు వెనక బండ్ల షెడ్డులో. నా భర్త చెన్నకేశవులు ఈ ఆఫీసులోనే డ్రైవరు. ఆయన పోయాక కారుణ్య నియామకం కింద నన్ను తీసుకున్నారు. షెడ్డు ఊడ్చడం, కడవలు నింపడం, మెకానిక్కు దస్తగిరికి టీ తెచ్చిపెట్టడం నా పని. మేకు కొట్టకూడదు గనక ఉత్తర్వును మా షెడ్డు గోడకు జిగురుతో అంటించారు. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఆఖరి వాక్యానికి వచ్చేసరికి కాగితం పైమూల ఊడి ముందుకు వాలి, మొదటి వాక్యం కనపడకుండా పోయింది. మళ్ళీ అంటించాలంటే గట్టిగా ఒత్తాలి. అందుకని అలాగే వదిలేశాం.

షెడ్డు మూలన ఒక పాత కారు ఉంది. నల్లది, గుండ్రటి వీపుది. ఒకప్పుడు చైర్మన్లందరూ అందులోనే ఊరేగారు. దాన్ని చివరిదాకా నడిపింది నా భర్తే. దాని సీటు తొడుగులు ఇంటికి తెస్తే నేనే ఉతికి గంజి పెట్టేదాన్ని. కానీ ఆ సీటు మీద ఏనాడూ కూర్చోలేదు. ప్రభుత్వ వాహనంలో సిబ్బంది ఇంటివాళ్ళు ఎక్కరాదని నియమం. నా భర్త నియమం తప్పేవాడు కాదు. నేను సంతనుంచి బుట్ట నెత్తిన పెట్టుకుని వస్తుంటే, ఖాళీ కారుతో నన్ను దాటిపోతూ, లోపలి అద్దంలో చూసి తల ఊపేవాడు. అంతే, ఆపేవాడు కాదు.

“ఒగసారి ఎక్కించుకుంటే నీ సొమ్మేం పోయింది?” అని ఇంటికొచ్చాక దెప్పిపొడిచేదాన్ని.

“నువ్వెక్కినావంటే నాకు ముందర రోడ్డు కనపడదు ఓబుళా. అద్దంలోనే సూస్తాంటా” అనేవాడు.

ఆ మాట నియమం కోసం అన్నాడో, నా కోసం అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. కొత్త జీపు వచ్చాక కారును మూలన పెట్టారు. కొంతకాలానికి ఆయనా పోయాడు.

ఈ యేడు మా పురపాలక సంఘానికి నూరేళ్ళు నిండుతున్నాయి. దసరా వెళ్ళిన వారంలో ఉత్సవం. ఆ రోజు ఆ పాత కారును బాగుచేయించి, ఆఫీసునుంచి గడియారం కూడలి దాకా నడపాలని కమిషనరుగారు తలచారు. నన్ను తన గదికి పిలిపించారు.

“ఓబుళమ్మగారూ, ఆ కారును అంతకాలం నడిపినాయన భార్య మీరు. ఆ రోజు వెనక సీట్లో మీరే కూర్చోవాలి. ఇది నా ఉత్తర్వు కాదు, నా కోరిక” అన్నారు.

నేను ఆ సాయంత్రమే సీటు తొడుగులు ఇంటికి తీసుకెళ్ళి ఉతికి, గంజిపెట్టి, మడతపెట్టి ఉంచాను.

కారుకు జబ్బు పెద్దదేమీ కాదు. ఇంజను వెనక ఫ్లైవీలు అని ఒక బరువైన ఇనపచక్రం ఉంటుంది. దాని అంచున పళ్ళుంటాయి. తాళం తిప్పితే స్టార్టరు ఆ పళ్ళను పట్టుకుని ఇంజనును ఒక తిప్పు తిప్పి లేపుతుంది. ఆ పళ్ళు అరిగిపోయాయి. పళ్ళ కట్టు మార్చాలంటే చక్రాన్ని ఊడదీయాలి. దస్తగిరి ఇంజనును బయటికి దించి, ఒక ఇనపచట్రం మీద నిలబెట్టాడు. చక్రం బోల్టులన్నీ విప్పి తీసేశాడు. కానీ ఏళ్ళతరబడి కదలక, చక్రం ఇంజను ఇరుసును పట్టుకుపోయి ఉంది. ఇంక సుత్తి అందుకుందామనుకునేసరికి, మేనేజరు తులసీరాం వెదురుబుట్టతో షెడ్డులోకి వచ్చాడు.

“సుత్తులు, సమ్మెటలు, ఉలులు. మొత్తం ఇందులో ఎయ్యి దస్తగిరీ. ఇనపబీరువాలో పెట్టి తాళమేయాల.”

“ఒగ్గ పూట ఆగండి సార్. ఫ్లైవీలు పట్టుకుపోయింది. అంచు సుట్టూ తిప్పుకుంటా నాలుగు దెబ్బలేస్తే ఊడొస్తాది.”

మేనేజరు వెనక్కి తిరిగి చూసి గొంతు తగ్గించాడు. “ఆ మాట మళ్ళా అనొద్దు. కమిషనరు సారు చెవిన పడితే ఆయన అన్నం తినడు.”

“మరెట్ల తీసేది?”

“ఒప్పించి.”

“ఎవుర్ని?”

“ఫ్లైవీల్ని.”

దస్తగిరి నావైపు తిరిగాడు. “ఓబుళక్కా, నా చెవులు బాగుండాయా?”

“బాగుండాయి నాయనా. నాకూ అట్లే వినపడింది” అన్నాను.

సుత్తుల బుట్టను ఇద్దరు మనుషులు మోసుకుపోయారు. బుట్టను నేలమీద దించేటప్పుడు చప్పుడైందని వాళ్ళను మళ్ళీ ఎత్తించి, నెమ్మదిగా దింపించారట.

దస్తగిరి అర్జీ పెట్టుకున్నాడు, ఒక్క సుత్తి, ఒక్క పూట ఇప్పించమని. జవాబు టైపు చేసి వచ్చింది. ఫ్లైవీలు అన్న మాట ఆఫీసు కాగితానికి తగదని దాన్ని ‘సదరు గతిపాలక చక్రము’ అన్నారు. సదరు చక్రమునకు తన వైఖరి మార్చుకొనుటకు తగినంత అవకాశం ఇవ్వబడినదా? ఇవ్వబడినచో దాని స్పందన ఏమి? ఇవ్వబడనిచో అందుకు బాధ్యులెవరు? ఈలోగా, స్నేహపూర్వక చర్యగా, చక్రమునకు తైలాభ్యంగనం చేయుటకు అనుమతించడమైనది.

“నూనె పొయ్యమన్నారా?” అని దస్తగిరి కాగితాన్ని రెండోసారి చదివించుకున్నాడు. “అదొక్కటీ పనికొచ్చే మాట రాసినారు.”

ఆ రోజునుంచి పొద్దున్నే, సాయంత్రం చక్రం మధ్యభాగం చుట్టూ పల్చటి నూనె పోయడం నాకు అప్పజెప్పారు. పిల్లకు తలంటు పోసినట్టు పోసేదాన్ని. నూనె జారి నేలమీదికి వచ్చేది. చక్రం మాత్రం రాలేదు.

ఒకరోజు దస్తగిరి ఓపిక తెగి, కాలి చెప్పు తీసి దాన్ని ఒకటేశాడు. దానివల్ల చెప్పు తెగింది. మధ్యాహ్నానికి మెమో వచ్చింది. చెప్పుతో కొట్టడం సుత్తితో కొట్టడం కన్నా అవమానకరం గనక, వారంపాటు అతను చక్రం ముందు వట్టికాళ్ళతో నడవాలి.

దసరా దగ్గరపడింది. నేను సీటు తొడుగులను రెండోసారి మడతవిప్పి మళ్ళీ మడతపెట్టాను. కమిషనరుగారు షెడ్డుకు వచ్చి చక్రాన్ని చూసి నిట్టూర్చారు.

“అది ఒప్పుకోకపోతే మనం చేయగలిగింది లేదమ్మా. ఆ రోజు కారు లేకపోయినా మీకు వేదిక దగ్గర కుర్చీ వేయిస్తాను.”

“కుర్చీ మా ఇంట్లో ఉంది సార్” అన్నాను.

ఆయన నొచ్చుకున్నారు. నొచ్చుకుంటే ఊరుకునే మనిషి కాదు. మూడో రోజుకల్లా ‘చక్ర విముక్తి సంప్రదింపుల సంఘం’ ఏర్పాటైంది. అధ్యక్షులు కమిషనరుగారు, కార్యదర్శి తులసీరాం. నిపుణురాలిగా రాజధానినుంచి డాక్టర్ సుకుమారిగారు, కమిషనరుగారికి ఆ ‘సౌమ్య’ శిక్షణ ఇచ్చినామె. అనధికార సభ్యురాలిగా నన్ను వేశారు. నన్నెందుకు వేశారో అప్పుడు తెలియలేదు.

సుకుమారిగారు తెల్లచీర కట్టుకుని, షెడ్డులో నూనె మరకల మధ్య చాప వేయించుకుని కూర్చున్నారు. చక్రం మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నారు. దస్తగిరి వట్టికాళ్ళతో ఒకమూల నిలబడ్డాడు.

“ఇందులో మొండితనం లేదు” అన్నారామె చివరికి. “భయం ఉంది.”

తులసీరాం రాసుకున్నాడు.

“ఈ రెండూ, ఈ చక్రమూ ఆ ఇరుసూ, ఎన్నాళ్ళనుంచి కలిసున్నాయి?”

“నేను పుట్టకముందునుంచి మేడం” అన్నాడు దస్తగిరి.

ఆమె గొంతు మెత్తబడింది. “అన్నేళ్ళు ఒక్కటై తిరిగినవాటిని మనం సుత్తితో విడదీద్దామనుకున్నామా!”

కమిషనరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడుచుకుని నావైపు తిరిగారు. “మీరు చెప్పండి ఓబుళమ్మగారూ. విడిపోవడమంటే ఏమిటో ఈ సంఘంలో అనుభవించి తెలిసినవారు మీరొక్కరే. ఇంతకాలపు బంధాన్ని చక్రం ఎలా వదులుకుంటుంది?”

అప్పుడు అర్థమైంది నన్నెందుకు వేశారో. అందరూ నా ముఖంలోకి చూస్తున్నారు. నేను చక్రాన్ని చూశాను. ఇరుసు చుట్టూ ఎర్రగా పొడి రాలుతోంది. కారు నా భర్త చేతిలో తిరిగినన్నాళ్ళూ దానికి తుప్పు పట్టే తీరిక లేదు.

“అది ప్రేమ కాదు సార్. తుప్పు” అన్నాను. “ఎవురూ కదిలించక పట్టింది.”

తులసీరాం కలం కాగితం మీద ఆగిపోయింది.

“దీన్ని అసమ్మతి కింద రాయాలా సార్?” అని మెల్లగా అడిగాడు.

“వద్దు. ‘సభ్యురాలు భావోద్వేగానికి లోనై మౌనం వహించారు’ అని రాయండి” అన్నారు కమిషనరుగారు, ఎంతో దయగా.

సంఘం తీర్మానం ఏమిటంటే, ప్రతి విభాగాధిపతీ ఒకరి తర్వాత ఒకరు వచ్చి చక్రానికి తమ భాషలో విజ్ఞప్తి చేయాలి. మొదట రెవెన్యూ అధికారి వచ్చాడు. నమస్కారం పెట్టి, గొంతు సవరించుకుని, “తమరు తక్షణమే స్పందించని పక్షంలో కొళాయి కనెక్షను తొలగించబడును” అన్నాడు. ఇరవై యేళ్ళుగా అలవాటైన మాట. అది బెదిరింపు అవుతుందని రికార్డులోంచి కొట్టేయబోయి, కొట్టకూడదు గనక, పక్కన చిన్న పువ్వు గుర్తు పెట్టారు. పట్టణ ప్రణాళిక ఆయన చక్రం చుట్టూ తిరిగి కొలతలు చూసి, ఇది ఇరుసును ఆనుకుని ఎలాంటి ఖాళీ వదలకుండా నిర్మించబడింది, అసలు దీనికి ప్లాను మంజూరైందా అని అడిగాడు. పారిశుధ్యం ఆయన చక్రంతో ఏమీ అనలేదు. నేలమీద నూనె చూసి నాకు మాత్రం రెండు ముక్కలు చెప్పాడు.

చక్రం అందరి మాటలూ విన్నది. కదల్లేదు.

అంతలో ఆయుధపూజ వచ్చింది.

ఏ ఉత్తర్వు వచ్చినా ఆయుధపూజ ఆగదు. ఏడాదికొకసారి పనిముట్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టకపోతే మా షెడ్డులో ఏ బండీ బయటికి పోదు. దస్తగిరి వాళ్ళ నాయనా చేశాడు, దస్తగిరీ చేస్తాడు. పూజకు పనిముట్లు కావాలి గనక ఇనపబీరువా తెరిచారు. వెదురుబుట్ట బయటికొచ్చింది. సుత్తులకు బొట్టు పెట్టి, దండలు వేసి, బల్లమీద వరసగా పడుకోబెట్టారు. దస్తగిరి వాటిని చూసిన చూపు నేనింకా మరిచిపోలేదు. బడినుంచి వచ్చిన బిడ్డలను చూసినట్టు చూశాడు. కానీ వాటిని తాకడానికి వీల్లేకుండా తులసీరాం పక్కనే కుర్చీ వేసుకున్నాడు.

చిక్కు కొబ్బరికాయ దగ్గర వచ్చింది. కొట్టరాదు. కొట్టకపోతే పూజ కాదు. కమిషనరుగారు పూజారిని అడిగారు.

“స్వామీ, కాయను ఒప్పించి తెరవడానికి శాస్త్రంలో ఏమైనా ఉందా?”

పూజారి ఆయన ముఖంలోకి కాసేపు చూసి, “దేవుడికి కొట్టేది దెబ్బ కాదు బాబూ. నైవేద్యం” అన్నాడు.

“ఆ మాట కాగితం మీద పెట్టండి” అన్నారు కమిషనరుగారు, గుండెలమీదినుంచి బరువు దిగినట్టు.

మరి దేనిమీద కొట్టాలి? షెడ్డు మెట్టు ప్రభుత్వ ఆస్తి, దాన్ని కొట్టరాదు. గచ్చూ ప్రభుత్వ ఆస్తే. గోడా అంతే. తులసీరాం చాలాసేపు ఆలోచించాడు.

“సార్, ఫ్లైవీలు ఉంది. అది సంఘం విచారణలో ఉంది గనక, తీర్పు వచ్చేదాకా అది వాడుకలో ఉన్న ఆస్తీ కాదు, తుక్కూ కాదు. ఉత్తర్వు దానికి వర్తించదు.”

“పూజ ఇనుముకే గదా. ఇనుము మీదే కొట్టండి” అని పూజారి తొందరపెట్టాడు. ఆయన ఇంకా బస్టాండుకూ, రైసుమిల్లుకూ పోవాలి.

అప్పుడు ఇంకో పేచీ. మొదటి కాయ ఎవరిది? రెవెన్యూ తనదన్నది. ఆదాయం తెచ్చేది తామేనన్నది. ఇంజనీరింగు ఒప్పుకోలేదు, బండ్లు తమవన్నది. ఆరోగ్య విభాగం అలిగి గుమ్మం బయట నిలబడింది. ఏ విభాగం కాయ ఆ విభాగం కొట్టాలి, పైగా ఒకరు కొట్టిన చోట ఇంకొకరు కొడితే ఎంగిలి.

“గుండ్రంగా ఉండేదానికి మొదలెక్కడ, చివరెక్కడ?” అన్నారు కమిషనరుగారు సంతోషంగా. “చక్రాన్ని తిప్పుతూ ఉందాం. ఎవరి చోటు పైకి వస్తే వారు కొట్టండి. అందరూ సమానమే.”

ఇంజనుకు ప్లగ్గులు తీసేసి ఉన్నాయి గనక, చేత్తో తిప్పితే చక్రం ఇరుసుతోపాటే తిరుగుతుంది. తిప్పే పని దస్తగిరికి ఇచ్చారు. అతను ముందుగా రెండు బోల్టులను రెండు చుట్లు తిప్పి వదులుగా తగిలించాడు.

“అదెందుకురా?” అన్నాడు తులసీరాం.

“ఊడితే ఎవురి కాలిమిందా పడకుండా సార్.”

“ఊడదు లేప్పా. మూడు వారాలనుంచి చూస్తాండాం.”

కాయలు టెండరులో వచ్చినవి. ముదిరి, లోపల నీళ్ళు కూడా ఎండిపోయి, రాళ్ళకన్నా గట్టిగా ఉన్నాయి. రెవెన్యూ అధికారి నమస్కరించి అంచుమీద ఒకటి కొట్టాడు. కాయ పగల్లేదు. అందరూ చూస్తున్నారు గనక ఈసారి బలంగా కొట్టాడు. నాలుగోసారికి గానీ పగల్లేదు. దస్తగిరి చక్రాన్ని కొంచెం తిప్పాడు. ఇంజనీరింగు ఆయన రెవెన్యూకన్నా తక్కువ దెబ్బల్లో పగలగొట్టాలని రెండు చేతులతో ఎత్తి వేశాడు. మళ్ళీ తిప్పాడు. ప్రణాళిక వచ్చింది. తిప్పాడు. ఆరోగ్యం అలక మాని లోపలికొచ్చి, ఆ అలకనంతా కాయమీద చూపించింది. తిప్పాడు. ఖణేల్ ఖణేల్మని షెడ్డంతా మోగుతోంది. ముద్ర కూడా గుద్దకుండా మూడు వారాలు ఓర్చుకున్న చేతులు అవన్నీ. ఒక్కొక్కరి ముఖంలో ఏదో కళ వచ్చింది. ఆ ప్రింటరును చరిచిన గుమాస్తా తనకూ ఒక కాయ ఇమ్మని బతిమాలుకున్నాడు.

దస్తగిరి తిప్పుతున్నవాడల్లా ఆగి నావైపు చూశాడు. నేనూ చూశాను. చక్రం నడిమధ్య, మూడు వారాలు నేను నూనె పోసిన చోట, ఎర్రనీళ్ళలాంటిది సన్నగా కారుతోంది. దస్తగిరి మళ్ళీ తిప్పాడు.

ఆఖరి కాయ కమిషనరుగారిది. ఆయన చక్రానికి క్షమాపణ చెప్పుకుని, కళ్ళు మూసుకుని, కాయను ఆనించినట్టుగా తాకించారు.

ఠంగ్ మంది. చక్రం ఇరుసును వదిలి ముందుకు జారి, దస్తగిరి తగిలించిన రెండు బోల్టుల మీద వేలాడింది. కాయ మాత్రం పగల్లేదు.

కమిషనరుగారు కళ్ళు తెరిచారు. పగలని కాయను చూశారు, ఊడిన చక్రాన్ని చూశారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“చూశారా!” అన్నారు. “దెబ్బ లేకుండా వచ్చింది.”

దస్తగిరి నోరు తెరిచాడు. నేను అతని చేతిలో టీ గ్లాసు పెట్టాను.

నివేదిక ఆ రోజే పైకి వెళ్ళింది. సదరు గతిపాలక చక్రము వివిధ విభాగముల విజ్ఞప్తులను మన్నించి, పర్వదినమున, కమిషనరువారి సమక్షమున, స్వచ్ఛందముగా ఊడి వచ్చినది. పైనుంచి మెప్పు తంతి వేగంతో వచ్చింది. మిట్టకోట పద్ధతి రాష్ట్రమంతటికీ ఆదర్శమన్నారు. దాంతోపాటే ఒక సవరణ కూడా వచ్చింది. ‘స్వచ్ఛందముగా విముక్తి పొందిన ఏ వస్తువునూ తిరిగి బంధించరాదు.’

అంటే చక్రానికి కొత్త పళ్ళ కట్టు వేసినా, దాన్ని ఇంజనుకు బిగించకూడదు. దస్తగిరి చట్రం పక్కన కూలబడ్డాడు.

“ఊడకముందు ఊడదీయగూడదు. ఊడినాక బిగియ్యగూడదు. అక్కా, నేను మెకానిక్కునా, పెండ్లిళ్ళ పేరయ్యనా?”

ఉత్సవానికి ఇంక రెండు రోజులుంది. నేను సీటు తొడుగుల మూట తీసుకుని నేరుగా కమిషనరుగారి గదికి వెళ్ళాను. ఆయన గంటవైపు చూస్తూ బంట్రోతు కోసం నవ్వుతూ కూర్చుని ఉన్నారు.

“సార్, కారు నడవాలంటే ఇంజనే ఉండాలా?”

“మరి?”

“ఆఫీసు మిట్టమీద ఉంది. గడియారం దిగువన ఉంది. నాలుగడుగులు ఎవురన్నా తోస్తే మిగతాది అదే పోతాది.”

“తోయడం బలప్రయోగం అవుతుందమ్మా” అన్నారు దిగులుగా. తర్వాత పూలకుండీ వైపు చూస్తూ కాసేపు ఆలోచించారు. ఆయన ముఖం విప్పారింది. “వెనకనుంచి ప్రోత్సహిస్తే?”

“అదే సార్. ప్రోత్సహిస్తే సాలు.”

అలా ఉత్సవం రోజున ఇంజను లేని కారును దండలతో సింగారించి ఆఫీసు గుమ్మం ముందుకు తెచ్చారు. తొడుగులు నేనే వేశాను. అయితే తీరా ఎక్కబోయేసరికి వెనక సీట్లో చక్రం కూర్చుని ఉంది. కడిగి, నల్లగా నిగనిగలాడేలా తుడిచి, మెడలో బంతిపూల దండ వేసి, ‘స్వచ్ఛంద విముక్తి చక్రం’ అని అట్టముక్క తగిలించారు. ప్రోటోకాలు ప్రకారం వెనక సీటు రాష్ట్రానికే ఆదర్శమైన దానిది.

నా ముఖం చూసి తులసీరాం తల గోక్కున్నాడు. “ఏమనుకోవద్దు ఓబుళమ్మా. అట్లని దాన్ని ఒంటరిగా పంపనూలేం. దొర్లితే తలుపు పగులుతాది. సంఘం సభ్యురాలివి గదా, నువ్వు పక్కన కూసోని పట్టుకో.”

నేను ఎక్కి కూర్చున్నాను. సీటు నేననుకున్నంత మెత్తగా లేదు. స్ప్రింగు ఒకటి గుచ్చుకుంది. ఎడమచెయ్యి చక్రం మీద వేసి, చీర సర్దుకుని, కిటికీలోంచి ఊరికి కనపడేలా నిటారుగా కూర్చున్నాను.

దస్తగిరి స్టీరింగు ముందు కూర్చున్నాడు. అతను పొట్టివాడు, నా భర్త పొడుగు. లోపలి అద్దంలోకి చూసి మొహం చిట్లించాడు.

“ఇదేందక్కా, నాకు కారు కప్పు సూపిస్తాంది?” అని చెయ్యెత్తి తిప్పబోయాడు. అది కదల్లేదు. కాడ దగ్గర ఎర్రగా పట్టుకుపోయి ఉంది. దస్తగిరి అటూ ఇటూ చూసి, సీటు కిందినుంచి చిన్న సుత్తి తీశాడు. దాని పిడికి ఆయుధపూజ కుంకుమ ఇంకా ఉంది. పూజనాడు బుట్టలోకి తిరిగిపోని సుత్తి అదొక్కటేనని నాకు అప్పుడు తెలిసింది.

“ఒగ్గ దెబ్బ. తిరుగుతాది.”

నేను వెనకనుంచి అద్దంలోకి చూశాను. నా చోటునుంచి చూస్తే అందులో దస్తగిరి ముఖం కనపడటం లేదు. అతని టోపీ పైన, కొంచెం కుడిపక్కకు, ఖాళీ ఉంది. సరిగ్గా నా భర్త కళ్ళుండే ఎత్తు. ఆయన చివరిసారి తన చేత్తో తిప్పుకుని పెట్టుకున్నాక ఆ అద్దాన్ని ఎవరూ తాకలేదు.

“వద్దు నాయనా. బలవంతం చెయ్యొద్దు” అన్నాను.

“తుప్పక్కా అది.”

“తెలుసు. ఉండనీ.”

“మరి ఎనక ఏముందో నాకు కనపడొద్దా?”

“ఎనక నేనుండా. ఏమన్నా ఉంటే చెప్తాలే. నువ్వు ముందర రోడ్డు సూడు.”

దస్తగిరి సుత్తిని మళ్ళీ సీటు కింద పెట్టాడు. బయట కమిషనరుగారు చెయ్యెత్తారు. రెవెన్యూ, ఇంజనీరింగు, ప్రణాళిక, ఆరోగ్యం, అందరూ కారు వెనక చేరి, అరచేతులు ఆనించి, పళ్ళు బిగించి, చెమటలు కక్కుతూ ప్రోత్సహించారు. కారు కదిలింది. మిట్ట అంచు దాటగానే వాళ్ళ చేతులనుంచి విడిపోయి, చప్పుడు లేకుండా, తనంతట తాను దిగువకు సాగింది. వాళ్ళు వెనక ఖాళీ చేతులు చాచుకుని నడుస్తూనే ఉన్నారు.

రోడ్డుపక్కన సంత బుట్టలతో ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు. నేను అద్దంలోకి చూసి తల ఊపాను.